సీహెచ్‌సీని నమ్ముకోవచ్చా? పనితీరు మదింపుపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సామాజిక ఆరోగ్య కేంద్రాల గురించే ఉన్నాయి. జనం నోట సీహెచ్‌సీగా, కొన్ని ఊళ్లలో నేటికీ ‘ముప్పై పడకల ఆసుపత్రి’గా నిలిచిన ఈ సంస్థల మంచిచెడ్డలను వైద్యం చదవని పౌరుడు ఎలా తేల్చుకోవాలన్నదే వాటి సారాంశం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాను. పలువురు కోరినందున ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా ఊరి సీహెచ్‌సీ అభివృద్ధి కమిటీలో ఈ మధ్యనే నన్ను సభ్యుడిగా తీసుకున్నారు. మొదటి సమావేశంలో ఓపీ ఇంత, ఐపీ (పడకల్లో చేరినవారు) ఇంత, కాన్పులు ఇన్ని అంటూ ఒక పట్టిక చేతికిచ్చి ఆసుపత్రి బాగా నడుస్తోందన్నారు. అదే వారంలో మా వీధిలోని ఒక గర్భిణిని రాత్రి పది దాటాక జిల్లా ఆసుపత్రికి పంపేశారు. ఈ రెంటిలో దేన్ని నమ్మాలి? మదింపు ఎక్కడ మొదలుపెట్టాలి? – ప్రకాశం జిల్లా పాఠకుడు

జవాబు: రెండూ నిజమే అయ్యుండవచ్చు. ఆ పట్టిక ఆసుపత్రి ఎంత పని చేసిందో చెబుతుంది; మీ వీధి గర్భిణి అనుభవం, అవసరమైన వేళకు ఆ పని జరుగుతుందో లేదో చెబుతుంది. మొదటిది సమర్థతకు, రెండోది విశ్వసనీయతకు సంబంధించినవి. మొదటిదానికి అంకెలు సులభంగా దొరుకుతాయి గనుక సమీక్షా సమావేశాల్లో చర్చ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సీహెచ్‌సీ విషయంలో మాత్రం ముందు విశ్వసనీయతను చూసి, ఆ తరువాతే సమర్థత జోలికి పోవాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఈ ఆసుపత్రిని దేనికోసం పెట్టారో గుర్తుచేసుకోవాలి.

మైదాన ప్రాంతాల్లో 1,20,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికి ఒకటి చొప్పున, సుమారు నాలుగు పీహెచ్‌సీలకు అండగా ఉండేలా 30 పడకలతో సీహెచ్‌సీని రూపొందించారు. జ్వరానికీ దగ్గుకూ మందిచ్చే పని పీహెచ్‌సీ చేస్తుంది. అక్కడ సాధ్యంకాని కేసును అందుకోవడానికే ఇక్కడ సర్జన్, ఫిజీషియన్, స్త్రీవైద్య నిపుణురాలు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు ఉండాలన్నారు. 2007లో వెలువడి 2012లో, మళ్లీ 2022లో సవరణ పొందిన భారత ప్రజారోగ్య ప్రమాణాలు ఇప్పుడు సీహెచ్‌సీలను రెండు తరగతులుగా చూస్తున్నాయి. ఇరవైనాలుగు గంటలూ సిజేరియన్ చేయగల, అప్పుడే పుట్టిన శిశువును ఆదుకోగల, రక్తం నిల్వ ఉంచుకోగల ఫస్ట్ రిఫరల్ యూనిట్లు, అంటే ‘ఎఫ్‌ఆర్‌యూ’ కేంద్రాలు ఒక తరగతి. తక్కినవి మరో తరగతి. మీ ఆసుపత్రి ఏ తరగతిదో సూపరింటెండెంట్‌ గారిని అడిగి తెలుసుకోవడం మీ మొదటి పని. ఎఫ్‌ఆర్‌యూ కాని ఆసుపత్రి కష్టమైన కాన్పును ఆలస్యం చేయకుండా పైకి పంపితే తన పని తాను చేసినట్టే లెక్క. ఎఫ్‌ఆర్‌యూ అని బోర్డు పెట్టుకున్న ఆసుపత్రి రాత్రి పది గంటలకు పంపితే మాత్రం కారణం అడగవలసిందే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. స్త్రీవైద్య నిపుణురాలు వారంలో 5 రోజులు, మత్తు డాక్టరు 4 రోజులు ఉంటారనుకుందాం. మీకిచ్చిన పట్టికలో ఇద్దరి పేర్ల ఎదుటా ‘ఉన్నారు’ అనే రాస్తారు. కానీ ఒకరి డ్యూటీతో మరొకరి డ్యూటీకి సంబంధం లేకుండా చార్టు వేస్తే, ఇద్దరూ ఒకేసారి దొరికే అవకాశం ఏడింట ఐదును ఏడింట నాలుగుతో గుణించగా వచ్చే 41 శాతమే. అంటే వారానికి మూడు రోజులు కూడా కాదు. రక్తం నిల్వచేసే ఫ్రిజ్ పదిసార్లలో తొమ్మిది సార్లే సిద్ధంగా ఉంటుందని కూడా కలిపితే అది 37 శాతానికి దిగుతుంది. ఎవరూ డ్యూటీ ఎగ్గొట్టలేదు, ఎవరి హాజరూ తీసిపారేయదగినంత తక్కువ కాదు, అయినా సిజేరియన్ అవసరమైన ముగ్గురిలో ఇద్దరిని అంబులెన్సు ఎక్కించక తప్పదు. అదే చార్టును ఇద్దరికీ కలిపి వేసి, మత్తు డాక్టరు వచ్చే 4 రోజులూ స్త్రీవైద్యురాలు తప్పక ఉండేలా చూస్తే, అదనంగా రూపాయి ఖర్చు లేకుండా ఆ 4 రోజులూ సేవ ఖాయమవుతుంది. మిగిలిన 3 రోజులు ఉండదన్న సంగతిని ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు, 108 సిబ్బందికి ముందే చెప్పవచ్చు. లేదని ముందే తెలిసిన సేవ కంటే, ఉందనుకుని గుమ్మం దాకా వచ్చాక లేదని తెలిసే సేవే ఎక్కువ హాని చేస్తుంది.

నిపుణుల కొరత వట్టి సాకు కాదన్నది కూడా ఒప్పుకోవాలి. 2022 మార్చి 31 నాటి కేంద్ర గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీలకు కావలసిన నిపుణుల్లో 79.5 శాతం మంది లేరు. సర్జన్ల కొరత 83.2 శాతం, స్త్రీవైద్య నిపుణుల కొరత 74.2 శాతం. ఉన్న కొద్దిమంది డ్యూటీలూ ఒకదానికొకటి పొసగకపోతే ఆ కొరత ఇంకా పెద్దదవుతుంది. కమిటీ సభ్యుడిగా మీరు పోస్టులు మంజూరు చేయించలేకపోవచ్చు గానీ డ్యూటీ చార్టును మాత్రం అడిగి చూడగలరు.

ఆ తరువాత లేబర్ రూమ్‌లోని రిఫరల్ రిజిస్టరు (రోగులను పై ఆసుపత్రికి పంపిన వివరాల పుస్తకం) తెరవండి. రోగి పేరు చదవనక్కరలేదు, చదవకూడదు కూడా. మీకు కావలసింది నాలుగు గడులు: వచ్చిన సమయం, పంపిన సమయం, పంపడానికి కారణం, పంపేముందు చేసిన చికిత్స. కారణం గడిలో పేజీ పొడవునా ‘మెరుగైన చికిత్స నిమిత్తం’ అని ఉంటే అక్కడ కారణం రాయలేదనే అర్థం. ‘బీపీ 160/110, మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చాం, జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేశాం, వెంట స్టాఫ్ నర్సును పంపాం’ అని ఉంటే ఆ ఆసుపత్రి రోగిని బాధ్యతతోనే పంపింది. వచ్చిన సమయానికీ పంపిన సమయానికీ మధ్య మూడు నాలుగు గంటల తేడా తరచుగా కనిపిస్తే, ఆ గంటల్లో ఎవరి కోసం ఎదురుచూశారో అడగండి. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకూ జరిగిన రిఫరల్స్‌ను, పగటివాటిని వేరువేరుగా లెక్కపెట్టండి. కాన్పు నొప్పులకు రాత్రీ పగలూ తేడా లేదు గనుక, రాత్రి రిఫరల్స్ పగటివాటికంటే చాలా ఎక్కువగా తేలితే లోపం రోగుల్లో కాక డ్యూటీల్లో ఉన్నట్టు. ఈ పనికి మీ ఉపాధ్యాయ వృత్తిలో మార్కుల రిజిస్టరు చూసిన ఓపిక చాలు.

ప్రశ్న: పొలంలో మా అన్నను పాము కరిస్తే సీహెచ్‌సీకి తీసుకువెళ్లాం. మందు ఉందన్నారు. అయినా ఒక ఇంజెక్షన్ చేసి జిల్లా ఆసుపత్రికి వెళ్లమన్నారు. అన్న బతికాడు గానీ, మందు ఉండి కూడా పంపడం సరైనదేనా అన్న సందేహం మాత్రం తీరలేదు. – కృష్ణా జిల్లా పాఠకుడు

జవాబు: కేస్ షీటు చూడకుండా ఆ వైద్యుడి నిర్ణయం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. అయితే మీ ప్రశ్న చాలా అవసరమైనది. సీహెచ్‌సీ విశ్వసనీయతకు పాముకాటును మించిన గీటురాయి లేదు. దీనికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కరలేదు, నిపుణుల బృందమూ అక్కరలేదు, మందూ శిక్షణ పొందిన ఎంబీబీఎస్ వైద్యుడూ నర్సూ ఉంటే మొదటి చికిత్స మొదలుపెట్టవచ్చు.

రోగి రాగానే నరం నుంచి సుమారు 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. ఆ తరువాత గొట్టాన్ని ఒక్కసారి వంచి చూస్తే రక్తం గడ్డకట్టి కనిపించాలి. ఇంకా నీళ్లలా జారుతుంటే పింజర జాతి విషం రక్తంలోకి ఎక్కినట్టు. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగినదైనా ఫలితాన్ని నమ్మడానికి లేదు. కాబట్టి కొత్త గాజు గొట్టాలు క్యాజువాలిటీ అల్మారాలో ఉన్నాయా లేవా అన్నది చిన్న విషయంగా కనిపించినా చిన్నది కాదు. నాగుపాము, కట్లపాము కాటుల్లో ఈ పరీక్ష ఏమీ తేల్చకపోవచ్చు. అక్కడ రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఊపిరి బరువెక్కడం వంటి గుర్తులు చూడాలి. ఏ గుర్తూ లేకపోతే విరుగుడు ఇవ్వకుండా 24 గంటలు కనిపెట్టి ఉండడమే సరైన వైద్యం. కాటు పడినా విషం ఎక్కని సందర్భాలు చాలా ఉంటాయి.

ఇక మందు ‘ఉంది’ అన్న మాట సంగతి. మన దేశంలో వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి చేసినది. మొదటి డోసు 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు); పిల్లలకైనా పెద్దలకైనా అంతే, ఎందుకంటే పాము మనిషి వయసు చూసి విషం తగ్గించదు. దాన్ని సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంట వరకు ఎక్కిస్తారు గనుక, మీ అన్నగారికి చేసిన ఆ ఒక్క ఇంజెక్షన్ విరుగుడు కాక ధనుర్వాతానిది అయ్యుండవచ్చు. స్టాకు రిజిస్టరులో 3 వయల్స్ మిగిలిన రోజున కూడా మందు ‘ఉంది’ అనే ఉంటుంది, కానీ ఆ మూడింటితో ఒక్క రోగికి కూడా మొదటి డోసు పూర్తికాదు. అందుకే ‘ఉందా, లేదా’ అని కాక, ‘గత వర్షాకాలంలో 10 వయల్స్ కంటే తగ్గిన రోజులు ఎన్ని’ అని అడగాలి.

మందు నిండుగా ఉన్నా పంపేసే ఆసుపత్రులూ ఉన్నాయి. విరుగుడు ఎక్కించేటప్పుడు కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉంచుకుంటే దాన్ని అదుపు చేయవచ్చు, కానీ ఒంటరిగా రాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యుడికి, బయట బంధువులు గుమిగూడి ఉండగా, ఆ ధైర్యం ఊరికే రాదు. ఇది శిక్షణతో, పై అధికారి ఫోన్‌లో ఇచ్చే అండతో తీరే లోపం. 2024లో కేంద్రం విడుదల చేసిన పాముకాటు జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం నెరవేరాలంటే మొదటి డోసు జిల్లా కేంద్రంలో కాక మీ ఊరి పక్కనే పడాలి.

ప్రశ్న: నేను హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక సీహెచ్‌సీని ఎంచుకున్నాను. పడకల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. దీన్ని వనరుల వృథాగా రాయవచ్చా? – కాకినాడ విద్యార్థి

జవాబు: ఒక్క అంకె మీద అంత పెద్ద మాట రాయవద్దు. కొలంబియాకు చెందిన పబోన్ లాసో 1986లో చూపిన పద్ధతి మీ పుస్తకాల్లో ఉండే ఉంటుంది. పడకల ఆక్యుపెన్సీ (నిండిన పడకల శాతం), ఒక్కో పడక మీద ఏడాదిలో చేరిన రోగుల సంఖ్య, సగటున రోగి ఉన్న రోజులు – ఈ మూడింటినీ కలిపి చూడమంటుంది ఆ పద్ధతి. 30 పడకల ఆసుపత్రిలో ఏడాదికి 2,190 మంది చేరి, సగటున 2 రోజులు ఉన్నారనుకోండి. రోగులు పడకల మీద గడిపినవి 4,380 రోజులు. ఉన్న పడక రోజులు 10,950. ఆక్యుపెన్సీ 40 శాతం. అది చూసి మీరు వృథా అంటారు. కానీ ఒక్కో పడక మీదికి ఏడాదిలో 73 మంది వచ్చారు, ఒకరు లేచాక మరొకరు రావడానికి సగటున 3 రోజులు పట్టింది. కాన్పులు, జ్వరాలు, చిన్న ఆపరేషన్లు ఎక్కువగా చూసే ఆసుపత్రి ఇలాగే కనిపిస్తుంది. ఆక్యుపెన్సీ తక్కువ, పడక మీద తిరిగే రోగులు తక్కువ, ఉన్నవారు మాత్రం రోజుల తరబడి ఉంటున్నారు అంటే అప్పుడు నిజంగా ఆలోచించాలి.

సగటు రోజులు తగ్గడాన్ని కూడా కళ్లు మూసుకుని మెచ్చుకోకండి. మామూలు కాన్పు తరువాత తల్లిని కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉంచాలన్నది నియమం, ఎందుకంటే రక్తస్రావం, బిడ్డకు పాలు పట్టకపోవడం వంటి చిక్కులు తొలి రెండు రోజుల్లోనే ఎక్కువగా బయటపడతాయి. 20 గంటలకే ఇంటికి పంపే ఆసుపత్రి మీ పట్టికలో మరింత సమర్థంగా కనిపిస్తుంది. డయాలసిస్ మంచాలను కలిపి లెక్కిస్తే ఆక్యుపెన్సీ ఉత్తుత్తినే పెరుగుతుంది. మంజూరైన పడకలు వేరు, పరుపూ ఆక్సిజన్ గొట్టమూ ఉండి నిజంగా రోగిని పడుకోబెట్టగలిగే పడకలు వేరు. మీ ప్రాజెక్టులో ఈ తేడాలు ముందే రాసుకోండి.

ఖాళీ విషయంలో ఇంకొక మాట. చెరువుకు కలుజు (నిండినప్పుడు అదనపు నీరు పోయే దారి) కట్టినవాడు అది ఏడాది పొడవునా పారాలని కట్టడు. అత్యవసర సేవ కోసం కొంత జాగా, కొందరు మనుషులు ఖాళీగా ఉండవలసిందే. ఎంత ఖాళీ సబబు అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పడకల పట్టికలో కాక రిఫరల్ రిజిస్టరులో దొరుకుతుంది. పడకలు ఖాళీగా ఉండి రోగులను పైకి పంపుతుంటే లోపం ఉంది. పడకలు ఖాళీగా ఉన్నా వచ్చినవారందరికీ అక్కడే వైద్యం జరుగుతుంటే వృథా అనడానికి తొందరపడకూడదు.

ఓపీ సమర్థతకు మాత్రం తేలికైన కొలత ఉంది. గేటు దగ్గర ప్రతి పదో రోగికి ఒక చీటీ ఇచ్చి, ఓపీ కౌంటరు, డాక్టరు గది, ల్యాబు, ఫార్మసీ – ఒక్కో చోట సమయం వేయించి, చివర వెనక్కి తీసుకోండి. రోగి ఉన్న రెండు గంటల్లో డాక్టరు ముందు గడిచింది రెండు నిమిషాలా, పది నిమిషాలా అన్నది ఒక్క ఉదయంలో తేలుతుంది. చాలా చోట్ల ఇరుకు డాక్టరు గది దగ్గర కాక మందుల కిటికీ దగ్గర ఉంటుంది. రెండో కిటికీ తెరవడం కొత్త డాక్టరును తేవడం కంటే సులువు.

ప్రశ్న: నేను సీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. కాన్పులు తక్కువగా జరుగుతున్నాయని మాకు మెమోలు ఇస్తున్నారు. మత్తు డాక్టరు లేక కష్టమైన కేసులు మేము తీసుకోలేకపోతున్నాం. జనం నేరుగా పట్నం వెళ్లిపోతున్నారు. మా తప్పు ఏమిటి? – నాగర్‌కర్నూలు జిల్లా పాఠకురాలు

జవాబు: మీ తప్పు ఉందో లేదో చెప్పడానికి ముందు, ఎన్ని కాన్పులు జరగాలన్నది ఎవరైనా లెక్కవేశారా అని అడగాలమ్మా. మీ పరిధి 1,20,000 మంది అనుకుంటే, వెయ్యికి సుమారు 16 జననాల చొప్పున ఏడాదికి 1,920 కాన్పులు. వాటిలో సుమారు 15 శాతం, అంటే 288 కాన్పుల్లో చిక్కులు వస్తాయని ప్రపంచమంతటా వాడే అంచనా చెబుతుంది. తక్కిన మామూలు కాన్పులు పీహెచ్‌సీలోనూ జరగవచ్చు. కానీ ఆ 288 మందిలో ఎందరు మీ గుమ్మం ఎక్కారు, ఎక్కినవారిలో ఎందరికి మీ దగ్గరే వైద్యం అందింది అన్నదే మీ కేంద్రానికి అసలు పరీక్ష. మెమోలో మొత్తం కాన్పుల సంఖ్య మాత్రమే పెట్టి, మత్తు డాక్టరు లేని రోజుల సంఖ్య పెట్టకపోతే అది మదింపు అనిపించుకోదు.

మీరు చేయదగినది ఒకటుంది. థియేటరు సిద్ధంగా ఉండి మత్తు డాక్టరు లేక పంపిన కేసులను, ఇతర కారణాలతో పంపినవాటిని వేరుగా చూపే నెలవారీ కాగితం సూపరింటెండెంట్ సంతకంతో జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారికి పంపండి. ఎంబీబీఎస్ వైద్యులకు ప్రాణరక్షక మత్తు నైపుణ్యాల శిక్షణ ఇచ్చే పథకం జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఉంది. మీ ఆసుపత్రి నుంచి ఒకరిని పంపమని అడగడానికి ఆ కాగితాలే ఆధారం. అప్పటిదాకా మెమోకు జవాబు ఇవ్వవలసి వస్తే, ఆ కాగితం నకలు జతచేయండి.

ప్రశ్న: మా సీహెచ్‌సీకి జాతీయ నాణ్యతా సర్టిఫికెట్ వచ్చిందని ఫ్లెక్సీ కట్టారు. దానిని నమ్మి వెళ్లవచ్చా? – వరంగల్ పాఠకుడు

జవాబు: దానికి విలువ ఉంది, హద్దూ ఉంది. 2013లో మొదలైన జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాల కింద సేవల లభ్యత, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్యం, ఇన్‌ఫెక్షన్ల నివారణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు అనే ఎనిమిది కోణాల్లో పరిశీలన జరుగుతుంది. ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు వేస్తారు. 70 శాతం దాటితేనే సర్టిఫికెట్ వస్తుంది, అది మూడేళ్లు చెల్లుతుంది. పరిశీలకులు రికార్డులు చూసి ఊరుకోరు, నర్సును నిలబెట్టి చేతులు కడుక్కునే పద్ధతి చేసి చూపమంటారు. 2015లో మొదలైన కాయకల్ప అవార్డు ప్రధానంగా పరిశుభ్రతకు సంబంధించినది. ఈ రెంటినీ ఒకటిగా భావించకండి.

అయితే పరిశీలకులు వచ్చే తేదీ ముందే తెలుస్తుంది. ఆ రెండు మూడు రోజులూ సెలవులు రద్దవుతాయి, గోడలకు సున్నం పడుతుంది. సర్టిఫికెట్ ఉన్న ఆసుపత్రికి మంచి పద్ధతులు తెలుసని నమ్మవచ్చు; ఆదివారం రాత్రి కూడా వాటిని పాటిస్తుందా అన్నది మీరే చూసుకోవాలి. వ్యాక్సిన్ ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాయాలి, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఈసారి వెళ్లినప్పుడు పండుగ రోజుల గడులు కూడా నిండాయో లేదో, నిండితే అన్నీ ఒకే సిరాతో ఒకే అంకెతో నిండాయో గమనించండి.

ప్రశ్న: ప్రైవేటు ఆసుపత్రుల్లో సిజేరియన్లు ఎన్నో చేస్తారు, మా సీహెచ్‌సీలో కొద్దిగానే జరుగుతాయి. సర్కారు ఆసుపత్రి చేతకానిదనుకోవాలా? – కరీంనగర్ పాఠకురాలు

జవాబు: అనుకోనక్కరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. ఇందులో ఏ అంకె కూడా వైద్య అవసరంతో వచ్చినది కాదన్నది నా నమ్మకం. సిజేరియన్లు మరీ తక్కువైతే అందవలసినవారికి అందడం లేదని, మరీ ఎక్కువైతే అక్కరలేనివారికి చేస్తున్నారని అర్థం. కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎక్కువ మార్కులు వచ్చినవాడు గెలిచినట్టు కాదు.

ప్రశ్న: మేము కొందరం అమెరికాలో స్థిరపడిన ఒకే ఊరివాళ్లం. మా ఊరి సీహెచ్‌సీకి అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రం, ల్యాబ్ ఎనలైజర్ ఇవ్వాలనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా? – న్యూజెర్సీ పాఠకుడు

జవాబు: ఆలోచన మంచిదే, వస్తువుల ఎంపికలో తొందరపడకండి. స్కానింగ్ యంత్రం లింగ నిర్ధారణ నిషేధ చట్టం కిందికి వస్తుంది. 1994 నాటి ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రి అయినా సరే రిజిస్టర్ అయ్యుండాలి, యంత్రం వివరాలు నమోదై ఉండాలి, అర్హత ఉన్నవారే వాడాలి, గర్భిణికి చేసిన ప్రతి స్కానుకూ ‘ఫారం ఎఫ్’ నింపాలి. స్కాన్ చేసే డాక్టరు లేని చోటికి యంత్రం పంపితే, తాళం వేసిన గదిలో దుప్పటి కప్పుకుని ఉంటుంది. మీరు సెలవులకు వచ్చినప్పుడు దుప్పటి తీసి చూపిస్తారు.

ఎనలైజర్ల విషయంలో, కొన్ని యంత్రాలు పరీక్షకు వాడే రసాయనమైన తమ కంపెనీ రీఏజెంట్‌తో తప్ప పనిచేయవు. మీరు యంత్రం ఇచ్చి పోతారు, రీఏజెంట్ ఖర్చు ప్రతి నెలా ఆసుపత్రి మీద పడుతుంది. ఆ రీఏజెంట్ ప్రభుత్వ కొనుగోలు జాబితాలో లేకపోతే ఆరు నెలలకు యంత్రం ఆగిపోతుంది. కొనేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి: ఎవరు నడుపుతారు, రీఏజెంట్ ఎక్కడినుంచి వస్తుంది, చెడిపోతే బాగుచేసే ఒప్పందం ఎవరి పేర ఉంటుంది. ఇప్పటికే ఉన్న యంత్రాల్లో ఎన్ని పనిచేయడం లేదో కూడా అడగండి. ఆపరేషన్ థియేటరు జనరేటరును బాగుచేయించడం, రక్తం ఫ్రిజ్‌కు స్టెబిలైజరు బిగించడం, రోగి బంధువులు రాత్రిపూట తలదాచుకునే షెడ్డు వేయడం ఫొటోల్లో అంతగా బాగుండవు గానీ, వాటివల్ల జరిగే మేలు ఎక్కువ. డబ్బు రూపంలో ఇచ్చేటట్లయితే వ్యక్తుల చేతికి కాక ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ఖాతాకు, ఏ పనికో తీర్మానం చేయించి ఇవ్వండి.

ప్రశ్న: మేము కమిటీ సభ్యులం కాదు. రిజిస్టర్లు మాకెవరు చూపిస్తారు? – శ్రీకాకుళం జిల్లా పాఠకులు

జవాబు: సమాచార హక్కు చట్టం, 2005 చూపిస్తుంది. దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. మన రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, మిగతా చోట్ల 10 రూపాయలు. తెల్లకార్డు వంటి ఆధారం జతచేస్తే పేదలకు అది కూడా అక్కరలేదు. నకళ్లు అడగడమే కాక, రికార్డును స్వయంగా వెళ్లి పరిశీలించే హక్కు కూడా చట్టం ఇచ్చింది. మొదటి గంటకు రుసుము ఉండదు.

‘మీ ఆసుపత్రి పనితీరు తెలుపగలరు’ అని రాస్తే నాలుగు పొగడ్తల వాక్యాలు వస్తాయి. నిర్దిష్టంగా అడగండి: గత 12 నెలల్లో నెలవారీగా సిజేరియన్లు ఎన్ని, వాటిలో రాత్రి 8 నుంచి ఉదయం 8 లోపు జరిగినవి ఎన్ని, లేబర్ రూమ్ నుంచి పంపిన రిఫరల్స్ ఎన్ని, కారణాల వారీగా, పాముకాటు విరుగుడు, కుక్కకాటు టీకా నిల్వ సున్నాకు చేరిన తేదీలు, రక్తం యూనిట్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎక్కించారు, గడువు తీరి ఎన్ని పారేశారు. చివరిది తప్పక అడగండి. 35 రోజులు నిలవుండే రక్తాన్ని తెప్పించి తెప్పించి పారేస్తున్నారంటే థియేటరు నడవడం లేదన్నమాట. ఒక్క యూనిట్ కూడా రాలేదంటే నిల్వ కేంద్రం బోర్డుకే పరిమితమన్నమాట. రోగుల పేర్లు, చిరునామాలు మాత్రం అడగవద్దు. అవి మీకు అక్కరలేదు, అడిగితే ఆ ఒక్క కారణం చూపి మొత్తం దరఖాస్తునే తిరస్కరించే ప్రమాదం ఉంది.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా, ఆ తరువాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. దరఖాస్తు అందినట్టు ముద్ర వేసిన నకలు లేదా రిజిస్టర్డ్ పోస్టు రసీదు అప్పీలుకు జతచేయవలసి ఉంటుంది గనుక, దాన్ని పారేయకండి.